రోజూ వాట్సాప్‌లో ఆఫర్లు పంపాలా, నెలకో ఉత్తరం రాయాలా? చిన్న షాపులవాళ్ళు చెప్పండి

గానుగ_ఎంవీపీ
విశాఖ ఎంవీపీ కాలనీలో రైతు బజార్‌కి దగ్గర్లో మాది గానుగ నూనెల షాపు. వేరుశనగ, నువ్వులు, కొబ్బరి ఆడిస్తాం. పక్కన రాగులు, కొర్రలు, ఊదలు కూడా అమ్ముతాం. దసరా ముందు ఒక మార్కెటింగ్ ఏజెన్సీతో నెలకింత అని మాట్లాడుకున్నాం. వాళ్ళు రోజూ పొద్దున్నే మా కస్టమర్లందరికీ పువ్వుల బొమ్మ మీద 'శుభోదయం' అని, దాని కింద ఆఫర్ పెట్టి పంపుతున్నారు. మొదట్లో నాలుగు ఆర్డర్లు వచ్చిన మాట నిజమే. ఇప్పుడు ఎప్పుడూ కొనేవాళ్ళే చూసి ఊరుకుంటున్నారు, కొందరు బ్లాక్ కూడా చేశారు. మా వీధిలో ఉండే ఒకావిడ షాపుకొచ్చి "నూనె బాగుంటుందమ్మా, ఆ మెసేజులే ఆపండి" అని మొహమ్మీదే చెప్పింది. ఏజెన్సీని అడిగితే ఇంకా ఎక్కువ పంపాలంటున్నారు. మెయిల్లో న్యూస్‌లెటర్, వెబ్‌సైట్లో బ్లాగు కూడా మొదలుపెడదాం, ఇంకొంత ఖర్చవుతుంది అంటున్నారు. మనలాంటివాళ్ళకి ఇవి పనికొస్తాయా? వస్తే ఏం రాయాలి, ఎన్నాళ్ళకోసారి రాయాలి? స్వయంగా చేస్తున్నవాళ్ళు చెప్తే బాగుంటుంది, చాలా టెన్షన్‌గా ఉంది.

గాజువాక_హార్డ్‌వేర్
ముందు ఆ శుభోదయం ఆపించండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

సీతమ్మధార_బొటిక్
ఆపించడం ఒక్కటే కాదక్కా, కస్టమర్ల నంబర్లు ఎవరి దగ్గరున్నాయో చూసుకోండి. మాకు మెసేజులు పంపిపెట్టినాయన తన ఫోన్లోనే లిస్టు పెట్టుకున్నాడు. మానేసి వెళ్ళేటప్పుడు అడిగితే ఇదిగో అదిగో అని తిప్పాడు. ఆ నంబర్లు మీరు ఏళ్ళ తరబడి కౌంటర్ దగ్గర నిలబడి సంపాదించుకున్నవి. ఇవాళే ఒక ఎక్సెల్ షీట్లోకి ఎక్కించి మీ దగ్గర పెట్టుకోండి.

క్వార్టర్స్_కోడలు
నాకు షాపు లేదు, కొనేదాన్ని. మా ఆయన నేవీలో ఉన్నారు. కొనేవాళ్ళ వైపు నుంచి చెప్తున్నా. రోజూ వచ్చేది ఏదైనా సరే, తెరవకుండానే మ్యూట్ చేసేస్తాం. కానీ నేను ఒక చేపలాయన పంపే మెసేజ్ కోసం ఎదురు చూస్తాను. ఆయన పంపితే ఏదో ఒక విషయం ఉంటుంది కాబట్టి. ఆయన ఇక్కడే ఉన్నారనుకుంటా.

హార్బర్_చేప
ఉన్నానమ్మా, మీరు ఆదివారం వంజరం తీసుకున్నారు కదూ.

గానుగ గారూ, నేను చదువుకున్నది పెద్దగా లేదు గానీ మెసేజులు మాత్రం నేనే రాస్తాను, ఇంకొకళ్ళకి ఇవ్వను. వారానికి రెండు, బుధవారం, శనివారం సాయంత్రం. పొద్దున్న హార్బర్లో ఏం దిగిందో, ఏది బాగుందో, ఏది ఈ వారం కొనొద్దో రాస్తాను. కొనొద్దు అన్నది చాలా ముఖ్యం. "ఈ వారం చందువ రేటు బాగా పెరిగింది, సైజు చిన్నది, కానాగంతలు తాజాగా ఉన్నాయి, అవి తీసుకోండి" అని రాస్తే నాకు ఆ రోజు డబ్బులు తగ్గుతాయి. కానీ తర్వాత వారం నేను బాగుందన్నది నమ్ముతారు.

వేట నిషేధం అప్పుడు ఇంకా జాగ్రత్తగా రాస్తాను. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు సముద్రంలోకి వెళ్ళవు. అప్పుడు తాజా సముద్రం చేప అని ఎవరైనా అమ్మితే అది తెప్పల మీద వెళ్ళినవాళ్ళు తెచ్చిన కాస్తంత అయి ఉండాలి, లేకపోతే పడమటి తీరం నుంచి ఐసులో వచ్చింది అయి ఉండాలి. అక్కడ జూన్ 1 నుంచి జూలై 31 దాకా నిషేధం, కాబట్టి మే నెలాఖరు దాకా అక్కడి సరుకు వస్తుంది. ఇదంతా ఏప్రిల్ మొదటి వారంలోనే రాసి పంపేస్తాను. "ఈ రెండు నెలలు నా దగ్గర దొరికేది ఇది, ఇది చెరువుది, ఇది ఐసుది" అని విడివిడిగా చెప్తాను. ఆ రెండు నెలల్లో ఎవరూ నన్ను వదిలి వెళ్ళలేదు.

గానుగ_ఎంవీపీ
ఇది నాకు తట్టనే లేదు. మేం ఎప్పుడూ అన్నీ బాగున్నాయనే రాశాం.

గాజువాక_హార్డ్‌వేర్
చేపలంటే రోజూ మారతాయి కాబట్టి చెప్పడానికి ఉంటుంది. నూనె అంటే నూనే. మా షాపులో మేకులు, పైపులు, పెయింట్లు. వాటి గురించి వారం వారం ఏం రాస్తాం? నా అభిప్రాయం, బ్లాగులూ న్యూస్‌లెటర్లూ పెద్ద కంపెనీల పని. ఆ డబ్బులతో షాపు ముందు బోర్డు బాగు చేయించుకుంటే మేలు.

ఏటికొప్పాక_లక్క
హార్డ్‌వేర్ గారూ, వారం వారం రాయమని ఎవరన్నారు? చెప్పేది ఉన్నప్పుడు రాస్తే చాలు. వానాకాలం ముందు శ్లాబు కారకుండా ఏం చేయాలి అని మిమ్మల్ని ఎంతమంది అడుగుతారు? మన ఊళ్ళో ఉప్పు గాలికి గ్రిల్స్ తుప్పు పడతాయి, దానికి కింద ఏ ప్రైమర్ వేయాలి అని అడగరా? అదే రాయాలి.

నా సంగతి చెప్తా. ఏటికొప్పాక బొమ్మలు ఊరి నుంచి తెచ్చి ఇక్కడ అమ్ముతాను, ఆన్‌లైన్లో కూడా. కొనేవాళ్ళలో ఎక్కువమంది హైదరాబాద్, బెంగళూరు, కొందరు అమెరికాలో ఉన్నవాళ్ళు. వాళ్ళకి మెయిలే పనికొస్తుంది. నెలకొకటి పంపుతాను. ఒక నెల అంకుడు కర్రను ఎంతకాలం ఆరబెడతారో రాశాను. ఒక నెల గింజలు, బెరళ్ళు, వేళ్ళ నుంచి రంగు ఎలా తీస్తారో, లేత్ మీద తిరుగుతున్న కర్రకి లక్క అద్దితే ఆ వేడికే ఎలా కరిగి పట్టుకుంటుందో రాశాను. అదంతా బ్లాగులో కూడా పెట్టాను. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే కదా. ఆ వారం జనం గూగుల్లో వెతుక్కుంటూ ఎప్పుడో రాసిపెట్టిన ఆ పేజీలకి వచ్చారు. వాట్సాప్‌లో పంపింది మర్నాటికి కిందికి పోతుంది, బ్లాగులో రాసింది అక్కడే ఉంటుంది. తేడా అంతే.

సీతమ్మధార_బొటిక్
నా కస్టమర్లు మెయిల్ చూడరు. బ్లౌజు కుట్టించుకునేవాళ్ళకి మెయిల్ ఎందుకు. నాకు వాట్సాప్ బ్రాడ్‌కాస్టే. గ్రూపు మాత్రం పెట్టకండి ఎవరూ. గ్రూపులో అందరి నంబర్లు అందరికీ కనిపిస్తాయి, ఆడవాళ్ళకి చాలా ఇబ్బంది. బ్రాడ్‌కాస్ట్ అయితే ఎవరికి వాళ్ళకి విడిగా వెళ్తుంది.

మెయిల్_మెకానిక్
బ్రాడ్‌కాస్ట్‌లో ఒక సంగతి చాలామందికి తెలీదు. మీ నంబర్ తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. లిస్టుకి 256 మంది. కాబట్టి బిల్లు ఇచ్చేటప్పుడే "మా నంబర్ ఈ పేరుతో సేవ్ చేసుకోండి, గానుగ ఆడించే రోజు చెప్తాం" అని అడగాలి. సేవ్ చేసుకున్నారంటే వాళ్ళకి ఇష్టమే అని కూడా మీకు తెలుస్తుంది. ఏజెన్సీలు వాడే బిజినెస్ ఏపీఐ వేరు, అది కంప్యూటర్ ద్వారా ఒకేసారి వేలమందికి పంపే వాట్సాప్ సర్వీసు. అందులో ఒక్కో ప్రచార మెసేజ్‌కీ ఛార్జీ పడుతుంది. మీ ఏజెన్సీ ఏది వాడుతోందో, ఎంత పడుతోందో బిల్లు అడగండి.

మెయిల్ సంగతికొస్తే, మామూలు జీమెయిల్ నుంచి అందరినీ సీసీలో పెట్టి పంపడం మాత్రం వద్దు. అందరి అడ్రసులూ బయటపడతాయి. పైగా ఉచిత జీమెయిల్‌కి రోజుకి 500 పరిమితి. సొంత డొమైన్, అంటే మీ షాపు పేరుతో ఇంటర్నెట్ అడ్రసు తీసుకుని, ఏదైనా మెయిలింగ్ సర్వీసు ద్వారా పంపండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రూల్స్ గట్టి చేశాయి. ఎస్‌పీఎఫ్, డీకిమ్ అని డొమైన్‌లో రెండు సెట్టింగులు ఉంటాయి, ఆ మెయిల్ నిజంగా మీరే పంపారని అవి చెప్తాయి. అవి లేకపోతే స్పామ్‌లోకి పోవచ్చు, వెనక్కీ రావచ్చు. రోజుకి 5000 దాటి పంపేవాళ్ళకి డీమార్క్ అనే ఇంకో సెట్టింగు, ఒక్క నొక్కుతో ఆపేసే లింకు కూడా తప్పనిసరి. మీరు అంత పంపరు, అయినా ఆ లింకు పెట్టండి. వద్దనుకున్నవాళ్ళకి తేలిగ్గా బయటపడే దారి లేకపోతే స్పామ్ అని నొక్కేస్తారు, అది మీకే నష్టం.

పూర్ణామార్కెట్_కిరాణా
ఇన్ని ఉన్నాయా బాబూ ఒక్క ఉత్తరం ముక్కకి.

మెయిల్_మెకానిక్
ఒక్కసారి పెట్టుకుంటే చాలు బాబాయ్, మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు.

ఇంకోటి. ఎంతమంది తెరిచారు అని ఏజెన్సీవాళ్ళు చూపించే శాతం చూసి సంబరపడకండి. 2021లో ఆపిల్ తన మెయిల్‌లో ఒక మార్పు తెచ్చింది. దాంతో మనిషి చూడకపోయినా చూసినట్టే లెక్క పడుతుంది. ఎంతమంది తిరిగి జవాబు రాశారు, ఎంతమంది కొన్నారు, అదే చూడండి.

గానుగ_ఎంవీపీ
ఏజెన్సీవాళ్ళు మొదటి న్యూస్‌లెటర్ అని ఇది పంపారు. చూసి చెప్పండి.

"ప్రియమైన విలువైన కస్టమర్! మా ప్రీమియం క్వాలిటీ గానుగ నూనెలతో మీ కుటుంబ ఆరోగ్యాన్ని కాపాడుకోండి! గుండె జబ్బులు, షుగర్, బీపీ ఇక మీ దరి చేరవు! ఈ రోజే ఆర్డర్ చేయండి, 10 శాతం తగ్గింపు పొందండి! త్వరపడండి, స్టాక్ పరిమితం!"

లెక్కల_పంతులు
పంపకండి. దయచేసి పంపకండి. నేను చిన్న వ్యాపారాల లెక్కలు, లైసెన్సులు చూస్తుంటాను కాబట్టి చెప్తున్నా. షుగర్, బీపీ, గుండె జబ్బు నయమవుతాయని ప్రకటన ఇవ్వకూడదని 1954 నుంచీ చట్టం ఉంది. ఆ జబ్బుల పేర్లు అందులో వరుసగా రాసి ఉన్నాయి. ఆహార పదార్థాలకైతే 2006 ఆహార భద్రత చట్టం కూడా వర్తిస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 53వ సెక్షన్ కింద 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. వాట్సాప్ మెసేజే కదా అనుకోవద్దు, అదీ ప్రకటనే. పడితే మీ మీదా పడుతుంది, ఏజెన్సీ రాసిచ్చిందని తప్పించుకోలేరు. చిరుధాన్యాలవాళ్ళందరూ ఇది చూసుకోవాలి. "కొర్రలు తింటే షుగర్ పోతుంది" అన్న పోస్టర్లు ఎంవీపీ నుంచి మధురవాడ దాకా కనిపిస్తున్నాయి.

క్వార్టర్స్_కోడలు
చట్టం సంగతి అటుంచితే, మా నాన్నకి షుగర్. ఇలాంటి మెసేజ్ నమ్మి మందు మానేసేవాళ్ళు నిజంగా ఉంటారు. అందుకైనా రాయకూడదు.

ఏటికొప్పాక_లక్క
పైగా అందులో మీ షాపు ఎక్కడుంది? పేరు మార్చి ఏ ఊళ్ళో ఏ షాపువాళ్ళయినా పంపుకోవచ్చు. గానుగ గారూ, ఒక పని చేయండి. రేపు కౌంటర్ దగ్గర కూర్చున్నప్పుడు కస్టమర్లు అడిగే ప్రశ్నలు ఒక కాయితం మీద రాయండి. వాళ్ళు ఏ మాటల్లో అడిగితే ఆ మాటల్లోనే.

గానుగ_ఎంవీపీ
రేపటిదాకా ఎందుకు, నోటికి వస్తాయి. కొబ్బరి నూనె గడ్డకట్టింది, పాడైందా? వేరుశనగ నూనె అడుగున మడ్డి ఏమిటి? ప్యాకెట్ నూనె కంటే ఇంత రేటు ఎందుకు? దీపాలకి, వంటకి ఒకటే నువ్వుల నూనెనా? ఎన్నాళ్ళు నిలవుంటుంది? గానుగ ఏ రోజు ఆడిస్తారు, మేం వచ్చి చూడొచ్చా?

ఏటికొప్పాక_లక్క
ఇంకేం, ఆరు నెలలకి సరిపడా రాసేశారు. ఒక్కో ప్రశ్నకి ఒక్కో పేజీ. పైన ప్రశ్న, కింద రెండు మూడు వాక్యాల్లో సూటిగా జవాబు, తర్వాత వివరం, మీరే తీసిన ఒక ఫొటో, చివర తేదీ. ఇంటర్నెట్‌లో దొరికే ఎవరివో ఆలివ్ నూనె సీసాల ఫొటోలు పెట్టొద్దు. మీ గానుగ ఫొటో పెట్టండి, మడ్డి కనిపించేలా మీ సీసా ఫొటో పెట్టండి.

హార్బర్_చేప
వచ్చి చూడొచ్చా అన్నదానికి ముందు జవాబు రాయండి. రమ్మనండి. చూసినవాళ్ళు ఇంకో పదిమందికి చెప్తారు.

పూర్ణామార్కెట్_కిరాణా
అమ్మాయ్, రోజు ఎంచుకోవడం కూడా చూసుకో. కార్తీకం మొదలయ్యాక దీపాల నూనె గురించి చెప్తే ఎవరికి కావాలి, అప్పటికే కొనేసి ఉంటారు. పది రోజులు ముందు చెప్పాలి. మార్గశిరంలో గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి జనం విరగబడి వస్తారు. మా వైపు బండి పెట్టుకునే చోటే ఉండదు. ఆ నెలంతా మా షాపు గురువారం పొద్దున్నే తీస్తాం, ఆ సంగతి బుధవారం రాత్రే అందరికీ చెప్పేస్తాం. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు రోడ్లు మూసేస్తారు. ఆ రోజు డెలివరీ ఉండదని ముందురోజే చెప్పాలి. నీ కస్టమర్లు ఈ ఊరివాళ్ళు, ఊరి క్యాలెండర్ చూసుకుని రాయి.

హుద్‌హుద్ తుపాను అప్పుడు, 2014 అక్టోబర్ 12న, కరెంటు లేదు, ఫోన్లు లేవు. మర్నాడు మా నాన్న షాపు తలుపు మీద సుద్దముక్కతో రాశారు. కొవ్వొత్తులు ఉన్నాయి, పాలపొడి ఉంది, అగ్గిపెట్టెలు ఉన్నాయి, అన్నీ పాత రేటే, మనిషికి రెండు. ఊరంతా రేట్లు పెరిగిపోయిన రోజులవి. ఆ తలుపు చదివి మా షాపుకి వచ్చినవాళ్ళు ఇప్పటికీ వస్తున్నారు.

గాజువాక_హార్డ్‌వేర్
బాబాయ్ చెప్పింది మాత్రం ఒప్పుకుంటున్నా. హుద్‌హుద్ తర్వాత రేకులు, మేకుల కోసం మా షాపు ముందు లైన్లు. ఏది ఉందో ఏది లేదో చెప్పలేక గొంతు పోయింది. ముందే రాసిపెడితే సగం మంది ఊరికే నిలబడేవాళ్ళు కాదు.

గానుగ_ఎంవీపీ
నేనే కూర్చుని రాశాను. ఎక్కడ బాగోలేదో మొహమాటం లేకుండా చెప్పండి.

"చలికి కొబ్బరి నూనె సీసాలో గడ్డకడుతోందని చాలామంది ఫోన్ చేస్తున్నారు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే గట్టిపడుతుంది. పాడైనట్టు కాదు, కల్తీ అసలే కాదు, స్వచ్ఛతకి అదే గుర్తు. సీసాని గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో కాసేపు నిలబెట్టండి. పొయ్యి మీద పెట్టకండి. వెడల్పు మూతి డబ్బాలో పోసుకుంటే చెంచాతో తీసుకోవచ్చు. నువ్వుల నూనె ఈ మంగళవారం ఆడిస్తున్నాం. కావాల్సినవాళ్ళు సోమవారం సాయంత్రంలోగా చెప్పండి, వచ్చి చూడాలనుకుంటే పొద్దున పదింటికి రండి. ఇలాంటి మెసేజులు వద్దనుకుంటే 'వద్దు' అని పంపండి, ఇంక పంపం."

హార్బర్_చేప
భలే ఉంది. మీరు కౌంటర్ దగ్గర మాట్లాడినట్టే ఉంది.

గాజువాక_హార్డ్‌వేర్
ఒక్క వాక్యం తీసేయండి. "స్వచ్ఛతకి అదే గుర్తు" అన్నది. గడ్డకట్టే వేరే కొవ్వు ఏదైనా కలిపినా గడ్డకడుతుంది. రేపు ఎవరైనా పట్టుకుంటే మిగతా మంచి మాటలు కూడా నమ్మరు. గడ్డకట్టినంత మాత్రాన పాడైనట్టు కాదు, అంతవరకు చాలు.

లెక్కల_పంతులు
హార్డ్‌వేర్ గారు బ్లాగు వద్దంటూనే మంచి ఎడిటర్ అయిపోయారు.

సీతమ్మధార_బొటిక్
మంగళవారం మాట పైకి తేవాలక్కా. ఫోన్లో నోటిఫికేషన్‌లో మొదటి లైనే కనిపిస్తుంది. లేదా రెండు మెసేజులు చేయండి, కొబ్బరిది ఇవాళ, గానుగది శనివారం.

ఏటికొప్పాక_లక్క
నేను ఒప్పుకోను. అది కొబ్బరి నూనె గురించి రాసిన ఉత్తరం. చదవడానికి వచ్చేది దాని కోసమే, మంగళవారం సంగతి చివర్లో ఉంటేనే అందం. అమ్మకం ముందు పెడితే మళ్ళీ ఆఫర్ మెసేజ్ అయిపోతుంది.

సీతమ్మధార_బొటిక్
మెయిల్‌కి మీది రైటు, వాట్సాప్‌కి నాది రైటు. మా కస్టమర్లు చివరిదాకా చదవరండీ.

క్వార్టర్స్_కోడలు
తెలుగు చదవనివాళ్ళ సంగతి కూడా చూడండి. మా క్వార్టర్స్‌లో సగం మంది వేరే రాష్ట్రాలవాళ్ళు. మా పక్కింటావిడ బెంగాలీ, కానీ ఈ నూనె వాడుతుంది. కింద ఇంగ్లీషులో మూడు లైన్లు పెడితే వాళ్ళకీ అందుతుంది. బదిలీ మీద వెళ్ళిపోయిన వాళ్ళు కూడా కొరియర్‌లో తెప్పించుకోవాలని అడుగుతుంటారు. వాళ్ళకి మెయిల్ బాగుంటుంది.

మెయిల్_మెకానిక్
తెలుగులో రాసేవాళ్ళకి కొన్ని చిక్కులు. డీటీపీవాళ్ళ దగ్గర టైపు చేయిస్తే అన్ని ఫోన్లలో సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోనే ఇమ్మని అడగండి. పాత ఫాంట్లలో చేసింది బ్లాగులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అక్షరాలన్నీ పోస్టర్ బొమ్మలో పెట్టకండి, బొమ్మలో ఉన్నది వెతికితే సరిగ్గా దొరకదు. కళ్ళు కనపడనివాళ్ళ ఫోన్ దాన్ని చదివి వినిపించడమూ కష్టమే. బ్లాగు పేజీ శీర్షిక తెలుగులో పెట్టినా, లింకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా పెట్టుకోండి. తెలుగు లింకును వాట్సాప్‌లో అతికిస్తే చాలాసార్లు ఒక్కో అక్షరానికి శాతం గుర్తులు, అంకెలు వచ్చి మూరెడు పొడుగు అవుతుంది, చూసినవాళ్ళు మోసం లింకు అనుకుంటారు. ఎస్ఎంఎస్ పంపాలనుకుంటే ఇంగ్లీషులో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. దానికి ముందే హెడర్ (పంపేవాళ్ళ పేరు), టెంప్లేట్ (మెసేజ్ నమూనా) రిజిస్టర్ చేయించుకోవాలి కూడా, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం.

గానుగ_ఎంవీపీ
ఎస్ఎంఎస్ వద్దులెండి. ఏజెన్సీకి ఈ నెలతో ఆపేస్తామని చెప్పాను, నంబర్లు షీట్లో తెప్పించుకున్నాను. వాట్సాప్ వారానికి ఒకటే, గానుగ ఆడించే ముందు. బ్లాగు నెలకి ఒక ప్రశ్న. మెయిల్ బయట ఊళ్ళవాళ్ళకి, అడిగినవాళ్ళకే. రాసేది నేను, ఫొటోలు మా అబ్బాయి. స్వచ్ఛత వాక్యం తీసేశాను.

మధురవాడ_బేకరీ
మధ్యలో దూరుతున్నా. సంక్రాంతికి లక్కీ డ్రా పెట్టాం, డబ్బా నిండా చీటీలు, అన్నిటి మీదా ఫోన్ నంబర్లు. అవి బ్రాడ్‌కాస్ట్‌లో వేసుకోవచ్చా?

లెక్కల_పంతులు
వాళ్ళు డ్రా కోసం ఇచ్చారు, ప్రచారానికి కాదు. వ్యక్తిగత సమాచారంపై 2023లో చట్టం వచ్చింది, నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. ఏ పనికని తీసుకున్నామో దానికే వాడాలి, వేరేదానికైతే అడగాలి. వచ్చే డ్రాకి చీటీ మీదే "కొత్త కేకుల కబుర్లు పంపమంటారా" అని ఒక గడి పెట్టండి. టిక్కు పెట్టినవాళ్ళకే పంపండి.

మధురవాడ_బేకరీ
ఉన్న చీటీలు ఏం చేయమంటారు?

లెక్కల_పంతులు
గెలిచినవాళ్ళకి బహుమతులు ఇచ్చేశారుగా, చింపేయండి.

హార్బర్_చేప
గెలిచినవాళ్ళకి ఫోన్ చేసినప్పుడు నోటితోనే అడిగి ఉండాల్సింది. ఈసారి అలా చేయండి, నేనైతే అలాగే చేస్తాను.